కొలిమి ఊరిలో చల్లని బేరం

భిలాయ్ ఉక్కునగరంలో మండే నాలుగు నెలలు చిన్న తినుబండారాల, పానీయాల వర్తకులకు పంటకాలం. కాని ఆ పంట ఇల్లు చేరాలంటే నిమ్మకాయ, చక్కెర మాత్రమే చాలవు.

మే నెల మధ్యాహ్నం రెండు గంటలు. భిలాయ్ ఉక్కు కర్మాగారపు ద్వారం ఎదుట తారురోడ్డు మెత్తబడి సైకిలు చక్రాలకు అంటుకుంటున్నది. ఉదయం ఆరు గంటలకు లోపలికి వెళ్ళిన కార్మికులు బయటికి వస్తున్నారు. రాత్రి పది వరకు పని చేయవలసినవారు లోనికి పోతున్నారు. ఈ రెండు ప్రవాహాలు ఎదురుపడే చోట, వేపచెట్టు నీడలో, తడిగుడ్డ చుట్టిన మట్టికుండతో ఒక మజ్జిగ బండి నిలిచి ఉంటుంది.

"ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యి, బాబాయ్" అంటాడు శ్రీకాకుళం యాసలో ఒక కుర్రవాడు. అతని పక్కనున్న ఛత్తీస్‌గఢీ కార్మికుడు అదే పానీయాన్ని 'మఠా' అని పిలిచి చెయ్యి చాస్తాడు. పేర్లు రెండైనా కుండ ఒకటే. పావుగంట గడిచేసరికి రోడ్డు మళ్ళీ నిర్మానుష్యమవుతుంది. ఆ పావుగంటలో జరిగిన అమ్మకమే బండివాని పగటి సంపాదనలో సింహభాగం.

వేసవి వ్యాపారం తేలిక అని చూసేవారికి అనిపిస్తుంది. ఎండ ఉన్నది, దాహం ఉన్నది, మధ్యన ఒక గ్లాసు చాలునన్నట్టుగా ఉంటుంది. లోపలికి దిగి చూసినవారికి మాత్రం ఇది ఏడాది బతుకును నాలుగు నెలలలో కూడబెట్టుకోవలసిన పందెమని తెలుస్తుంది. ఆ పందెంలో ఓడిపోయేవారిలో చాలామంది గిరాకీ లేక ఓడిపోరు. నీటి విషయంలోనో, మంచు విషయంలోనో, అప్పు విషయంలోనో చేసిన చిన్న పొరపాటు వారిని పడగొడుతుంది.

నిప్పు చుట్టూ కట్టిన ఊరు

ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, రాయ్‌పూర్‌కు పడమట, హౌరా-ముంబయి రైలుమార్గం మీద ఉన్నది భిలాయ్. ఇక్కడ ఉక్కు కర్మాగారం నిర్మించడానికి సోవియట్ యూనియన్‌తో భారత ప్రభుత్వం 1955 ఫిబ్రవరిలో ఒప్పందం చేసుకున్నది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశపు రైలుపట్టాలకు పుట్టినిల్లుగా పేరొందిన ఈ కర్మాగారం చుట్టూ సెక్టర్ల పేరిట కార్మికుల నివాసాలు, వాటిని ఆనుకొని సుపేలా, పవర్ హౌస్ వంటి బజార్లు పెరిగాయి.

పని కోసం నలుమూలల నుంచి జనం వచ్చారు. బీహారు నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, ఒడిశా, బెంగాల్, కేరళ, పంజాబ్‌ల నుంచి వచ్చినవారితో పాటు తెలుగువారూ ఇక్కడ గణనీయంగా స్థిరపడ్డారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయ్‌పూర్ చేరే రైలుమార్గం ఉత్తరాంధ్ర పల్లెలను ఈ ఉక్కునగరానికి దగ్గర చేసింది. సెక్టర్ 5లోని బాలాజీ మందిరం దగ్గర ఒక సాయంకాలం నిలబడితే తెలుగు మాటలు ధారాళంగా వినిపిస్తాయి.

ఇన్ని ప్రాంతాలవారు కలిసి బతికే ఊరిలో దాహానికి కూడా అనేక రుచులున్నాయి. బీహారు నుంచి వచ్చినవానికి ఉప్పు, ఉల్లిపాయముక్కలు, నిమ్మరసం కలిపిన సత్తు నీళ్ళు ప్రాణం. పంజాబీకి లస్సీ కావాలి. తెలుగువానికి అల్లం, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ కావాలి. ఛత్తీస్‌గఢ్ పల్లెవాసికి రాత్రి మిగిలిన అన్నంలో నీరు పోసి ఉంచిన 'బోరే బాసీ' ఉంటే మరేమీ అక్కరలేదు. అది మన చద్దన్నానికి తోబుట్టువు. 2022లో మే 1 కార్మిక దినోత్సవంనాడు రాష్ట్ర ప్రభుత్వమే బోరే బాసీ తినవలసిందిగా ప్రజలకు పిలుపునిచ్చింది. పేదవాని ఉదయభోజనంగా చూడబడిన వంటకానికి ఆ విధంగా ఒక గౌరవం దక్కింది. చిన్న వర్తకునికి ఇందులో ఒక పాఠం ఉన్నది. తన ఊరివారు తమ ఇళ్ళలో వేసవికి ఏమి తాగుతారో, ఏమి తింటారో గమనించినవాడు కొత్త రుచులకోసం వెదకనక్కరలేదు.

రోళ్ళు పగిలే ఎండ, ఉప్పు కోరే ఒళ్ళు

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని తెలుగు సామెత. సూర్యుడు రోహిణీ నక్షత్రంలో ప్రవేశించేది మే 25 ప్రాంతంలో. అక్కడినుంచి తొమ్మిది రోజులను ఛత్తీస్‌గఢ్‌లోను, ఉత్తరదేశంలోను 'నౌతపా' అంటారు. రెండు భాషలు రెండు పేర్లతో పిలిచినా సూచించేది ఒకే ఎండను. ఆ రోజులలో భిలాయ్ ప్రాంతంలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం విశేషం కాదు. 'లూ' అని పిలిచే పొడి వడగాలి వీధులను ఊడ్చివేస్తుంది.

బయట అటువంటి ఎండ. లోపల సుమారు 1,500 డిగ్రీల వేడిమితో ప్రవహించే కరిగిన ఇనుము. అక్కడ పనిచేసే మనిషి శరీరం గంటకు లీటరు, అంతకు మించి కూడా చెమటను కోల్పోవచ్చు. ఆ చెమటతో నీరు ఒక్కటే పోదు, ఉప్పు కూడా పోతుంది. పోయిన నీటిని వట్టి మంచినీటితో మాత్రమే పూడ్చుకుంటూ పోతే కండరాలు కొంకర్లు పోతాయి. 1930 దశకంలో అమెరికాలోని యంగ్స్‌టౌన్ ఉక్కు కర్మాగారాల కార్మికులను పరీక్షించి హార్వర్డ్ పరిశోధకులు ఈ సంగతిని నిర్ధారించారు. వారు సూచించిన చికిత్స ఉప్పు.

ఇంత విజ్ఞానం తెలియకుండానే మన అమ్మమ్మలు మజ్జిగలో ఉప్పు వేశారు. ఉత్తరదేశపు వృద్ధురాలు కాల్చిన పచ్చిమామిడికాయ గుజ్జులో నల్లుప్పు, జీలకర్రపొడి కలిపి 'పన్నా' చేసింది. కనుక కర్మాగారపు ద్వారం ముందు ఉప్పు మజ్జిగ అమ్మేవాడు కేవలం రుచిని అమ్మడం లేదు. ఎర్రగా, పచ్చగా రంగులు పోసిన తీపినీళ్ళకంటే ఇటువంటి పానీయం శరీరానికి మేలు చేస్తుంది. దీనిని నాలుగు మాటలలో వివరించగలిగిన వర్తకునికి నికరమైన ఖాతాదారులు ఏర్పడతారు. అయితే మజ్జిగ ఔషధం కాదన్న వివేకమూ ఉండాలి. వడదెబ్బ తగిలి స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయరాదు. ఒళ్ళు చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

గడియారం చూసి నడిచే గిరాకీ

పల్లెలో దాహం సూర్యుని చూసి పుడుతుంది. భిలాయ్‌లో అది షిఫ్టును చూసి పుడుతుంది. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది: ఈ మూడు వేళలు ఊరి నాడిని నడిపిస్తాయి. వాటి మధ్యకాలంలో గిరాకీ మరొక చోటికి తరలిపోతుంది. దానిని వెంబడించగలగడమే తోపుడుబండికి ఉన్న బలం. అద్దె చెల్లించి కొట్టు తెరిచినవానికి ఆ వెసులుబాటు లేదు.

ఉదయం ద్వారాల దగ్గర, బస్సులాగే కూడళ్ళలో ఇడ్లీ, పోహా, సత్తు అమ్ముడవుతాయి. పదకొండింటికి పవర్ హౌస్, సుపేలా బజార్లలో కొనుగోలుకు వచ్చిన స్త్రీలకు చెరకురసం, నిమ్మరసం అవసరమవుతాయి. మధ్యాహ్నం రెండు తరువాత వీధులు శూన్యం. తెలిసిన వర్తకుడు ఆ సమయంలో ఇంటికి పోయి సాయంత్రానికి సరుకు సిద్ధం చేసుకుంటాడు. అయిదున్నరకు సివిక్ సెంటర్ మేలుకుంటుంది. భారత-సోవియట్ మైత్రికి గుర్తుగా 1972లో నెలకొల్పిన మైత్రీబాగ్ జంతుప్రదర్శనశాలకు సెలవులలో పిల్లలతో వచ్చే కుటుంబాలు బయటికి రాగానే కుల్ఫీ, బర్ఫు గోలా కోసం చూస్తాయి. ఆదివారం సుపేలాలో సాగే వారపు బజారు ఒక్కరోజే మూడురోజుల అమ్మకం ఇవ్వగలదు.

ఏ వేళకు ఏది అన్నది కూడా ముఖ్యమే. పగటి ఎండలో తియ్యని పాలపానీయం ఎవరికీ రుచించదు. పుల్లగా, ఉప్పగా ఉన్నది కావాలి. రాత్రి భోజనం తరువాత షికారు వచ్చినవారికి అదే మజ్జిగ అక్కరలేదు, కుల్ఫీ కావాలి. ఒకే బండి మీద రెండు వేళలకు రెండు సరుకులు అమ్మగలిగినవాడు పెట్టుబడి పెంచకుండానే రాబడి పెంచుకుంటాడు.

ఏది అమ్మాలి?

ప్రతి సరుకుకూ ఒక స్వభావం ఉన్నది. చెరకురసం నిలవ ఉండదు. తీసిన కొద్దిసేపటికే గాలి తగిలి నల్లబడి పులుస్తుంది. నిమ్మ, అల్లం చేర్చడం కొంత కాపాడుతుంది. కాని ఈ లోపమే దాని గుణం కూడా. కళ్ళెదుట పిండినది గనుక తాగేవానికి అనుమానం ఉండదు. పిండే యంత్రానికి పెట్టుబడి కావాలి, గడ మీది మట్టిని కడగడానికి ఓపిక కావాలి. సాయంత్రం యంత్రం పళ్ళలో మిగిలిన పిప్పిని శుభ్రం చేయకపోతే మరునాటి రసం మొదటి గ్లాసులోనే ఆ సంగతి బయటపడుతుంది.

మారేడుపండు షర్బతుకు ఈ ప్రాంతంలో మంచి ఆదరణ ఉన్నది. మారేడును తెలుగునాట శివపూజకే ఎక్కువగా పరిమితం చేశాము. ఉత్తర, మధ్యభారతాలలో 'బేల్' గుజ్జును నీటిలో పిసికి, వడగట్టి, వేసవిపొడవునా తాగుతారు. పొట్టకు చలువ చేస్తుందని నమ్మకం. యంత్రం అక్కరలేదు, పెట్టుబడి స్వల్పం. శ్రమ మాత్రం అధికం.

పచ్చిమామిడి పన్నా అన్నిటికంటే చిన్న వర్తకునికి అనుకూలమైనది. కాయ ఉడుకుతుంది గనుక క్రిములు చాలావరకు నశిస్తాయి. చక్కెర, ఉప్పు కలిపిన చిక్కని గుజ్జును శుభ్రమైన సీసాలలో శీతలపెట్టెలో ఉంచి, అమ్మేవేళ నీరు చేర్చవచ్చు. సరుకు ఒకరోజు మిగిలినా పారబోయవలసిన పని లేదు. అయితే కలిపే నీరు మంచిది కాకపోతే ఉడికించిన ప్రయోజనమంతా ఆ ఒక్క చెంబుతో పోతుంది.

మజ్జిగ చవక, మేలైనది, కాని ఎండకు త్వరగా పులిసిపోతుంది. ఉదయానికి కొంత, సాయంత్రానికి కొంత విడిగా చిలకడం మంచిది. పుచ్చకాయ ముక్కలు కోసి ఈగలకు తెరిచి పెట్టడం నష్టాలలోకెల్లా పెద్ద నష్టం. కోరినప్పుడు కోసి ఇవ్వడమే పద్ధతి.

తాగే పానీయాలతోనే వేసవి ముగియదు. ఎండ ఎంత శత్రువో అంత మిత్రుడు కూడా. ఆవకాయకు కాయలు దిగే కాలమూ, వడియాలు ఎండే కాలమూ ఇదే. సెక్టర్ల డాబాలమీద తెలుగు ఇల్లాళ్ళు పరిచే గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు పొరుగింటి బెంగాలీ, బీహారీ కుటుంబాలకు కొత్తరుచులయ్యాయి. ఇంట్లో కొద్దిగా ఎక్కువ పెట్టి తెలిసినవారికి అమ్మడంతో మొదలయ్యే ఈ పని తోపుడుబండికంటే క్షేమకరం. ఎండలో నిలబడనక్కరలేదు, సరుకు ఏడాది నిలుస్తుంది. 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం ఇటువంటివారిని దృష్టిలో ఉంచుకొన్నదే. యూనిట్ వ్యయంలో నూటికి 35 వంతుల రాయితీని, స్వయంసహాయక బృందాల సభ్యురాండ్రకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల వరకు మూలధనాన్ని అందులో పొందుపరిచారు.

కనబడని సరుకు

వేసవి వ్యాపారంలో అసలు సరుకు నిమ్మ కాదు, మామిడి కాదు. నీరు, మంచు. తాగేవాడు రుచిని నాలుకతో కనిపెట్టగలడు గాని నీటి శుభ్రతను కనిపెట్టలేడు. కలుషితమైన నీటివల్ల వచ్చే పచ్చకామెర్లు రెండు వారాల తరువాతనో, నెల దాటినాకనో బయటపడతాయి. అప్పటికి తాను ఏ బండి దగ్గర ఏమి తాగాడో రోగికి గుర్తుండదు. ఈ కారణంగా తప్పు చేసినవాడు తప్పించుకుంటాడు. ఊరంతా మాత్రం బండ్లన్నిటినీ అనుమానించడం మొదలుపెడుతుంది. 'బయట ఏమీ తాగవద్దు' అన్న ఒక్కమాట ఇంటింటా పాకితే నిజాయితీపరుని కుండ కూడా నిండుగానే ఇల్లు చేరుతుంది. ఒకని అశ్రద్ధకు వీధి మొత్తం జరిమానా చెల్లిస్తుంది.

మంచు విషయంలో ఒక అపోహ బలంగా ఉన్నది. గడ్డకట్టిన నీటిలో క్రిములు చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు. చావవు. కామెర్లను కలిగించే సూక్ష్మక్రిములు మంచులో నిద్రించి గ్లాసులో మేలుకుంటాయి. చేపలు నిలవ చేయడానికి, సరుకుల రవాణాకు తయారయ్యే మంచుదిమ్మలు తాగడానికి తగిన నీటితో చేసినవి కాకపోవచ్చు. ఈ రెంటినీ వేరుపరచడానికై, తినడానికి పనికిరాని మంచులో నీలిరంగు కలపాలని ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018లో ఆదేశించింది. నీలి ఛాయ ఉన్న దిమ్మ పానీయంలో పడరాదు. రంగులేని దిమ్మ కొనేటప్పుడు కూడా అది తాగునీటితో చేసినదా అని అడిగి తెలుసుకోవడం వర్తకుని బాధ్యత.

అంతకంటే తెలివైన మార్గం మరొకటి ఉన్నది. మంచును గ్లాసులో వేయకుండా, పానీయమున్న మూతపెట్టిన పాత్రను మంచులో ఉంచడం. చలువ అంతే ఉంటుంది, ప్రమాదం తగ్గుతుంది, మంచు ఖర్చూ తగ్గుతుంది. మట్టికుండను కూడా మరువరాదు. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరైపోతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఆ చలువ అంత ఎక్కువ. సముద్రపు తేమగాలి వీచే విశాఖపట్నంలో కంటే మే నెల భిలాయ్‌లో కుండ బాగా పనిచేయడానికి కారణం ఇదే. కోస్తానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారు మొదటి వేసవిలోనే ఈ తేడాను గుర్తిస్తారు.

గ్లాసుల సంగతి కూడా చిన్నది కాదు. ఒకే బక్కెటు నీటిలో నూరు గ్లాసులు ముంచి తీస్తే తొంభైతొమ్మిది మంది ఎంగిలి నూరవవానికి చేరుతుంది. ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ గ్లాసులను, గొట్టాలను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. మట్టి కప్పులు, కాగితపు కప్పులు, లేదా సబ్బుతో తోమి పారేనీటిలో కడిగిన స్టీలు గ్లాసులు మిగిలిన మార్గాలు. మూతపెట్టిన నీటిడబ్బా, కుళాయి బిగించిన పాత్ర, తెల్లని తుండు, కత్తిరించిన గోళ్ళు: వర్తకునికి ఇవే ప్రకటన ఫలకాలు. కనబడని శుభ్రతను కనబడేటట్టు చేయగలిగినవాడే వేసవి చివరిదాకా నిలుస్తాడు.

ఒక గ్లాసు లెక్క

లెక్క తేలికగా అర్థం కావడానికి ఒక ఉదాహరణ కల్పించుకొనవచ్చు. గ్లాసు 20 రూపాయలు. చక్కెర, పండు, మంచు, కప్పు కలిసి 9 రూపాయలు. మిగిలేది 11. రోజుకు 100 గ్లాసులు అమ్మితే 1,100. అందులో బండి అద్దె, రవాణా, ఇతర ఖర్చులకు 300 తీసివేస్తే 800. చేతికి రోజుకు 800 అంటే ఆకర్షణీయంగానే ఉన్నది.

కాని మార్చి నుంచి జూన్ వరకు ఉన్న 120 రోజులలో అకాలవర్షానికి, జబ్బుకు, ఇంటి శుభకార్యాలకు 20 రోజులు పోతాయనుకుంటే, మిగిలిన 100 రోజులకు వచ్చేది 80,000. మిగతా ఎనిమిది నెలలలో వేరే పని దొరకకపోతే ఆ మొత్తమే పన్నెండు నెలలకు సర్దుకోవాలి. నెలకు 6,700 కూడా పడదు. రోజుకు పది గ్లాసులు అమ్ముడుపోక పారబోసినా, గ్లాసుకు 9 చొప్పున రుతువు ముగిసేసరికి 9,000 రూపాయలు మురుగుకాలువలో కలుస్తాయి. ఒక నెల బత్తెం కంటే అది ఎక్కువ. తక్కువ చేసి త్వరగా అయిపోగొట్టడం, కావలిస్తే మళ్ళీ చేయడం అన్నది అనుభవజ్ఞుల సూత్రం.

అప్పు లెక్క ఇంకా కఠినం. వీధి వడ్డీవ్యాపారి దగ్గర 10,000 తీసుకొని రోజుకు 120 చొప్పున 100 రోజులు చెల్లించే పద్ధతి అనేక ఊళ్ళలో ఉన్నదే. చూడడానికి వడ్డీ 2,000 మాత్రమే. కాని అసలు రోజురోజుకూ తీరిపోతూ ఉండటంవల్ల ఆ నూరు రోజులలో చేతిలో ఉండే అప్పు సగటున సుమారు 5,000. దానిమీద నూరు రోజులకు 2,000 అంటే ఏడాదికి నూటికి 146 వంతున వడ్డీ కట్టినట్టు. ఎండలో నిలబడి సంపాదించినది నీడలో కూర్చున్నవాని పెట్టెలోకి పోతుంది.

ఈ ఉచ్చునుంచి తప్పించడానికే కేంద్రప్రభుత్వం 2020 జూన్‌లో వీధివర్తకులకు పి.ఎం. స్వనిధి పథకం ప్రవేశపెట్టింది. హామీ అక్కరలేని మొదటి అప్పు అప్పట్లో 10,000. 2025లో దానిని 15,000కు పెంచి, సక్రమంగా తీర్చినవారికి రెండవసారి 25,000, మూడవసారి 50,000 ఇచ్చే ఏర్పాటు చేసి, పథకాన్ని 2030 మార్చి వరకు పొడిగించారు. సకాలంలో చెల్లించినవారికి వడ్డీలో నూటికి 7 వంతుల రాయితీ ఉన్నది. ఫిబ్రవరిలోనే దరఖాస్తు చేసుకొన్నవారికి మార్చిలో బండి కదులుతుంది. మేలో పరుగెత్తేవానికి డబ్బు చేతికి అందేసరికి వానలు పడవచ్చు.

నిలబడే హక్కు

దేశంలో వీధివర్తకుల జీవనోపాధిని రక్షించే చట్టం 2014లో వచ్చింది. దానిప్రకారం పట్టణాలలో వర్తకులను లెక్కించి ధ్రువపత్రాలివ్వాలి. ఆ లెక్కింపు పూర్తికాకుండా వారిని తొలగించరాదు. పట్టణ వర్తక సంఘంలో నూటికి 40 మంది సభ్యులు వర్తకులే ఎన్నుకొన్న ప్రతినిధులై ఉండాలి. భిలాయ్‌లో మరొక ప్రత్యేకత ఉన్నది. సెక్టర్లలోని భూమి ఉక్కు సంస్థ ఆధీనంలోనిది. సుపేలా వంటి బజార్లు నగరపాలక సంస్థ పరిధిలోనివి. బండి రోడ్డుకు ఏ వైపున ఆగుతున్నదన్న దానిని బట్టి ఎవరి అనుమతి కావాలో మారిపోతుంది. ఈ సంగతి ముందుగా విచారించుకోనివాడు మంచి గిరాకీ ఉన్న రోజునే చోటు కోల్పోవచ్చు.

ఆహారపదార్థాలు అమ్మే చిన్నవారు కూడా 2006నాటి ఆహార భద్రతా చట్టం కింద నమోదు కావాలి. చిన్నవర్తకునికి అది పెద్ద ఖర్చు కాదు. ఆ నమోదుపత్రాన్ని బండిమీద అంటించుకొన్నవానిని చూసి కొనేవారికి ధైర్యం కలుగుతుంది.

చిన్నవాడు నిలబడిన తీరు

చిన్న పానీయ వ్యాపారానికి పెద్ద సంస్థల పోటీ ఎదురైనప్పుడు ఏమవుతుంది? తెలుగుదేశంలోనే ఒక సమాధానమున్నది. గోదావరి జిల్లాలోని రామచంద్రపురంలో సోడాబుడ్లతో ఆరంభమై 'ఆర్టోస్' అన్న పేరుతో స్థిరపడిన పానీయం నేటికీ ఆ ప్రాంతంవారికి పెళ్ళిళ్ళలో, పండుగలలో మర్యాద వస్తువు. 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్ళింది, 1993లో తిరిగివచ్చింది. వచ్చిన ఏడాదే థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ వంటి పేరుపొందిన దేశీయ పానీయాలు దాని చేతిలోకి పోయాయి. రామచంద్రపురం పానీయం మాత్రం తన చుట్టుపక్కల ఊళ్ళనే నమ్ముకొని నిలిచింది. దూరం పోవాలని ఆశపడకపోవడం కొన్నిసార్లు చిన్నవానికి కోటగోడ అవుతుంది.

మరొక సమాధానం కలిసి నడవడం. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేసినప్పుడు ఉద్యోగం పోయిన పనివారు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో 1957లో సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. ఆ ఏడాది అక్టోబరులో ఢిల్లీలో వారి మొదటి కాఫీ హౌసు తెరుచుకున్నది. భిలాయ్‌లోని ఇండియన్ కాఫీ హౌసులు ఆ ఉద్యమపు కొమ్మలే. నలుగురు బండివారు కలిసి ఒక మంచినీటి శుద్ధియంత్రాన్ని, ఒక శీతలపెట్టెను కొనుక్కోవడానికి అంత పెద్ద ఉద్యమం కూడా అవసరం లేదు. విడివిడిగా మోయలేని ఖర్చు కలిస్తే తేలికవుతుంది. మంచి నీరు నలుగురి దగ్గరా ఉంటే ఆ కూడలికే పేరు వస్తుంది.

దాహం తీర్చేవాని దాహం

ఈ వ్యాపారంలో అందరూ మరచిపోయే మనిషి ఒకడున్నాడు. అతడే అమ్మేవాడు. పగలంతా నడిఎండలో నిలబడి, అమ్మకం తగ్గుతుందని నీడకు పోక, సరుకు తగ్గుతుందని తాను తాగక ఉండేవారు తక్కువ కాదు. వడదెబ్బ తగిలి వారం రోజులు మంచం పట్టితే, పైన వేసిన లెక్క ప్రకారం పోయేది 5,600 రూపాయలు. బండికి ఒక మంచి గొడుగు, తలకు తడిగుడ్డ, గంటకు ఒకసారి తన కుండలోదే ఒక గ్లాసు ఉప్పు మజ్జిగ, మధ్యాహ్నం రెండున్నర నుంచి అయిదు వరకు విశ్రాంతి అన్నవి విలాసాలు కావు. అవి పెట్టుబడిలో భాగాలు.

జూన్ మధ్యనాటికి నైరుతి మేఘాలు ఛత్తీస్‌గఢ్ చేరతాయి. మొదటి వానతో శీతలపానీయాల బేరం ఒక్కసారిగా పడిపోతుంది. ముందుచూపు గలవాడు అప్పటికే నిమ్మకాయల కొనుగోలు తగ్గించి ఉంటాడు. అదే బండి మీద బొగ్గుల కుంపటి పెట్టి మొక్కజొన్న కండెలు కాల్చడానికో, అల్లం టీ, పకోడీలు చేయడానికో సిద్ధమై ఉంటాడు. అతనికి జూలై రాబడి తగ్గే నెల మాత్రమే. ఆ ఏర్పాటు చేసుకోనివానికి అది ఆకలి నెల.

వానకు ఇంకా మూడువారాల వ్యవధి ఉన్న ఒక రాత్రి, పది గంటల షిఫ్టుకు కార్మికులు లోనికి పోతున్నారు. కొలిమి వెలుగు ఆకాశానికి ఎర్రదనం పూస్తున్నది. వేపచెట్టు కింది మజ్జిగ కుండ ఖాళీ అయింది. బండివాడు దానిని బోర్లించి తోమి, పక్కనే పెట్టిన మరొక కుండలో మంచినీళ్ళు నింపి మూతపెడతాడు. దానిమీద గొలుసు కట్టిన ఒక గ్లాసు ఉన్నది. తెలుగువారు చలివేంద్రమంటారు, ఇక్కడివారు 'ప్యావూ' అంటారు. ఆ కుండలోని నీటికి వెల లేదు. డబ్బులేనివాడు అక్కడ తాగి వెళ్ళిపోవచ్చు.

ఇది వ్యాపారానికి నష్టం కాదా అని అడిగేవారికి ఆ కుండ చుట్టూ తెల్లవారుజామున గుమిగూడే జనమే జవాబు. ఉచితంగా ఇచ్చే నీటినే అంత శుభ్రంగా ఉంచినవాడు అమ్మే మజ్జిగను ఎవరూ అనుమానించరు. ఉదయం ఆరు గంటలకు ద్వారం తెరుచుకున్నప్పుడు, రాత్రంతా కొలిమి దగ్గర నిలిచినవారు ముందుగా నడిచి వచ్చేది ఆ వేపచెట్టు కిందికే.